గాజుతొట్టి ముందు ఒక గంట

తోకలు ఆడుతున్నాయి, నాలుగూ ఆడుతున్నాయి, కాబట్టి ఇంతవరకూ ఫరవాలేదు అనుకుంటూ అమృతవల్లి ముక్కాలిపీటను ఇంకాస్త ముందుకు జరుపుకుని, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా వంగి చూసింది. రెండు నారింజ రంగువి, ఒకటి బొగ్గులా నల్లనిది, ఇంకొకటి ఒళ్ళంతా తెల్లగా ఉండి నెత్తిన మాత్రం ఎర్రటి టోపీ పెట్టుకున్నట్టున్నది. రాత్రి మద్రాసు రైలు దిగిన కొడుకు దేవనాథన్, ప్లాస్టిక్ సంచీలో గాలి నింపించి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తెచ్చిన చేపలు. పొద్దున కోడలు కుముదవల్లి తొట్టి కడిగి, కొత్త నీళ్ళు నింపి, సంచీని నీళ్ళమీద కాసేపు తేలనిచ్చి, తర్వాత మూతి విప్పి వాటిని లోపలికి వదిలింది. బడికి బయలుదేరుతూ గడపలో నిలబడి, ఎటో చూస్తూ చెప్పింది. "ఒక్క గంట చూస్తా ఉండండత్తా. కొత్త నీళ్ళలో మొదటి గంటే గండం. మొదటి పీరియడ్ అయినాక నాకు ఖాళీ, పరిగెత్తుకోని వచ్చేస్తాను." అంతే. ఈ పన్నెండు రోజుల్లో ఆ పిల్ల తనతో ఇంత పొడుగు మాట ఆడటం ఇదే మొదటిసారి. గోడ గడియారంలో పది. పదకొండుకు వస్తుంది. అంతవరకూ ఇవి బతికి ఉండాలి. నాయనలారా, పదకొండు దాకా అయినా బతకండి, ఆ తర్వాత మీ ఇష్టం. ఛ, అదేం మాట, ఆ తర్వాత కూడా బతకండి.

మడి చీర కట్టుకుని చేపలకు కాపలా! వంటింట్లో పెరుమాళ్ళకు నైవేద్యం పెట్టాల్సిన తళిగ ఇంకా సిద్ధం కాలేదు, పప్పు నానుతూనే ఉంది, కందగడ్డ చెక్కు తీయనేలేదు, పదకొండున్నరకు ఆయన గుడిలో పారాయణం ముగించుకుని ఆకలితో వస్తారు, తనేమో ఇక్కడ నల్లచేప కన్నార్పుతుందేమోనని చూస్తోంది. ఆర్పదు. చేపలు కన్నార్పవని ఈ వయసులో తెలిసింది తనకు. అరవై ఏళ్ళు చేప అన్న మాట ఇంట్లో పలకడానికే జంకింది. దీపావళి ముందు దేవనాథన్ ఆఫీసు పనిమీద మద్రాసు పోయి మూర్ మార్కెట్ నుంచి ఈ గాజుతొట్టిని గోనెపట్టాలో చుట్టి తెచ్చినప్పుడు, వీధిలో అందరూ చూస్తుండగా గడపకు అడ్డం నిలబడి, చేపలు ఇంట్లోకి వస్తే నేను బయటికి పోతానంది. గోవిందరాజుల గుడి వీధిలో మూడు తరాలుగా స్వామి సేవలో ఉన్న ఇల్లు, చేపల ఇల్లని పేరు పడితే? అప్పుడు ఆయన, శఠగోపం, పడక్కుర్చీలో నుంచి లేవకుండానే, "మొదటి అవతారమే అదైనప్పుడు గడప దగ్గర ఆపేదానికి నువ్వెవరే అమృతం?" అన్నారు. నలభై అయిదేళ్ళ కాపురంలో ఆయన ఒక్కసారైనా తన మాటకు తిన్నగా జవాబు చెప్పింది లేదు. ఎప్పుడూ ఇట్లాగే పక్క సందులోంచి వస్తారు. తొట్టి లోపలికి వచ్చింది. తను బయటికి పోలేదు. అటువైపే చూడకుండా నాలుగు రోజులు తిరిగింది.

అయిదో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. విసనకర్ర కోసం హాల్లోకి వచ్చింది. ఆ చిన్న గాలిమోటరు గుర్రుమంటోంది, బుడగలు పైకి లేస్తున్నాయి, చేపలన్నీ ఒక్కసారిగా తనవైపు తిరిగి గాజు దగ్గరికి వచ్చి నోళ్ళు తెరిచి మూసి, తెరిచి మూసి, ఏదో అడుగుతున్నట్టు నిలబడ్డాయి. ఎంత ఆశగా అడిగాయి! ఇంట్లో ఎవరు మాత్రం తనను చూడగానే అట్లా పరిగెత్తుకుంటూ ఎదురొస్తారు? ఆ రోజు విసనకర్ర సంగతే మర్చిపోయింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నిద్ర మానేసి వాటిముందు కూర్చోవడం, వాటికి వీధి కబుర్లు చెప్పడం, కొడుకూ కోడలూ వచ్చే వేళకు ఏమీ ఎరగనట్టు లేచిపోవడం. ఆయన కనిపెట్టారనుకో. కనిపెట్టి, అననూ లేదు, మాననూ లేదు, ఒక్క నవ్వు మీసాల్లో పెట్టుకుని తిరిగారు.

అదేమిటి, టోపీది కిందికి దిగుతోంది? గులకరాళ్ళ దాకా పోయింది. లేదు, మళ్ళీ పైకి వస్తోంది. సరే. ఊరికే భయపెట్టకు.

మొదటివి ఆరు. పది రోజులు కూడా దాటలేదు. పొద్దున లేచి చూస్తే రెండు పైన తేలుతున్నాయి, ఎండుటాకుల్లా. తక్కినవీ రెండు రోజుల్లో పోయాయి. ఆయన పెరట్లో మందారం కింద గుంట తవ్వించి, పెదవులు కదుపుతూ ఏదో చదివారు కూడా. కుముదవల్లికి చదువుకునే రోజుల నుంచీ స్నేహితురాలు, కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పంకజాక్షి వచ్చి తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, తిన్నగా కొళాయి దగ్గరికి పోయి వాసన చూసి, నీళ్ళలో మందు కలుపుతారు, అది మనల్నేం చెయ్యదు గానీ చేప మొప్పల్ని కాల్చేస్తుంది, కొళాయి నీళ్ళు పట్టి ఒక పగలూ ఒక రాత్రీ తెరిచిపెట్టండి, ఆ మందు గాలిలో కలిసిపోతుంది, అప్పుడు పొయ్యండి అంది. ఎంత తేలిక! అందరూ పండగ చేసుకున్నారు. ముక్కోటి ఏకాదశికి దేవనాథన్ మళ్ళీ ఎనిమిది తెచ్చాడు. కుముదవల్లి ప్రతి శుక్రవారం పొద్దున రెండు బకెట్లు పట్టి పెరట్లో పెట్టడం, శనివారం పొద్దున తొట్టి మార్చడం. వారం తప్పలేదు, లెక్క తప్పలేదు. అయినా చచ్చాయి. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్కటే, శనివారం నీళ్ళు మారిస్తే ఆదివారమో సోమవారమో ఒకటి తల వాల్చేసేది.

ఎందుకు, ఎందుకని ఇల్లంతా తలబద్దలు కొట్టుకుంది. దేవనాథన్ గాలిమోటరు చప్పుడుకు అవి బెదిరి చస్తున్నాయన్నాడు, మోటరు కింద పాత దుప్పటి మడిచి పెట్టాడు. ఆయన దిష్టి అన్నారు, తొట్టికి నిమ్మకాయ కట్టారు, ఆ నిమ్మకాయ ఒకరోజు తెగి నీళ్ళలో పడి, చేపలన్నీ దాని చుట్టూ ప్రదక్షిణం చేశాయి. ఎదురింటి జ్ఞానాంబ వచ్చి, ఎక్కువ మేపి చంపుతున్నారంది. మేత తగ్గించారు. అప్పుడు చూడాలి వాటి మొహాలు! పచ్చని పప్పు వాసన వేస్తే చాలు గాజుకు అతుక్కుపోయేవి. తనకు మాత్రం కోడలి చేతిమీద అనుమానం. బడినుంచి వస్తూనే చేతులు కడుక్కోకుండా, వేళ్ళకు చాక్‌పీసు పొడి ఉండగానే, నీళ్ళలో చెయ్యి పెట్టి గులకరాళ్ళు సర్దేది. ఆ పొడే, ఆ పొడే అని తను లోలోపల గొణుక్కుంటూ వచ్చింది. పన్నెండు రోజుల కిందట, సోమవారం, ఎనిమిదింటిలో చిట్టచివరిది, తను దొంగతనంగా మధ్యాహ్నాలు అందరికంటే ఎక్కువ కబుర్లు చెప్పిన చిన్నది, ఒక పక్కకు ఒరిగి ఊపిరి పీల్చి పీల్చి ఆగిపోయింది. కుముదవల్లి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. అప్పుడు తన నోటినుంచి వచ్చింది ఆ మాట. "నీ చేతిలో ఏదీ బతకదు."

చేప గురించే అంది. పెరుమాళ్ళ సాక్షిగా చేప గురించే. కానీ మాట గాలిలోకి పోయిన మరుక్షణమే, కుముదవల్లి మొహం చూసిన మరుక్షణమే తెలిసింది, అది చేప దగ్గర ఆగలేదని. రెండేళ్ళ కిందట ఆస్పత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన పిల్ల అది. అయిదో నెల. అప్పుడు తనే పక్కలో పడుకోబెట్టుకుని తల నిమిరింది. అదే నోటితో ఈ మాట. వెనక్కి తీసుకోవాలని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ తీసుకోవాలంటే దేని గురించి తీసుకుంటున్నానో చెప్పాలి, చెబితే ఆ గాయం పేరెత్తాలి. అందుకని కందిపప్పు అయిపోయిందని ఏదో అని వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల అన్నీ చేస్తుంది, కాఫీ ఇస్తుంది, కాళ్ళకు నూనె రాస్తానంటుంది, మాట మాత్రం ఆడదు. ఈ చేపలు కూడా ఎందుకు తెప్పించింది? చెయ్యి మంచిదేనని తనకు తానే చూపించుకోవడానికేమో. అందుకే బతకాలివి. వినబడుతోందా టోపీదానా?

పెరట్లో గిన్నెలు తోముతున్న చెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ తలుపు దగ్గరికి వచ్చి తొంగి చూసింది.

"ఏం మా, కొత్తవి వచ్చినాయా? ఇవైనా నిలస్తాయా?"

"నోరు మంచిది చేసుకో చెంగమ్మా. ఆ పొద్దు ఎనిమిదింట్లో ఒకదాన్ని తీస్కపోయినావే, ప్రాణం పోకముందే ఒరిగిపోయిందాన్ని. యాడ పూడ్చినావు?"

"పూడ్చేదేంది మా! అది గుమ్మడికాయ మాదిరి ఉండాది సూడు. మా ఇంట్లో మట్టిబానలో ఏసినా. నేను పొయ్యేసరికి పైకొచ్చి నోరు తెరస్తాది."

"బతికుండాదా!" అమృతవల్లి పీట మీద సగం లేచింది. "ఏం పెడతా ఉండావే దానికి?"

"నేనేం పెడతా మా. మేం తినేదే. గోరంత రాగి సంకటి."

"నీళ్ళు?"

"మీ నీళ్ళే కదమ్మా. ఈది కొళాయి అందరికీ ఒకటే," అని చెంగమ్మ నవ్వుకుంటూ తోముడు రాయి దగ్గరికి పోయింది.

మద్రాసు డబ్బా మేత తిని తనవి చచ్చాయి. సంకటి మెతుకు తిని అది బతికింది. అమృతవల్లికి ముందు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియని కోపం. మోటరు లేదు, బుడగలు లేవు, పంకజాక్షి లేదు, నిమ్మకాయ లేదు, మట్టిబాన, రాగి సంకటి. ఏం మహత్యముందమ్మా ఆ రాగిలో? రాగి మంచిదని ఊరంతా అంటుంది, ఒంటికి చలవ అంటారు, బలమంటారు, అక్కడ చేప కడుపులోకి రాగి పోతోంది, బతుకుతోంది. ఇక్కడ రాగి పోవట్లేదు, చస్తున్నాయి. పోవట్లేదా? ఇక్కడా పోతోందే. ఇది వేరే రాగి. తిండిలో కాదు, నీళ్ళలో. రాగి గంగాళం.

ఆ మాట మనసులోకి వచ్చి కూర్చుంది, లేవమంటే లేవలేదు.

రాగి గంగాళం సంగతి ఈ ఇంట్లో తనకు తప్ప ఎవరికీ తెలియదు. కుముదవల్లి పెట్టేవి ఎర్ర ప్లాస్టిక్ బకెట్లు. వాటిలోనే సబ్బుబట్టలు నానబెడతారు, వాటిలోనే ఇల్లు తుడుస్తారు. ఆ ప్లాస్టిక్ కంపు నీళ్ళలోనా ఈ పసిప్రాణాలు బతకాల్సింది? అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం కోడలు రాకముందే తను ఆ బకెట్ల నీళ్ళు మోసుకెళ్ళి గంగాళంలో పోసేది. శ్రీకాళహస్తి నుంచి తన పెళ్ళికి వచ్చిన గంగాళం, శనివారం స్వామి పూజకని చెంగమ్మ అంతకు ముందే చింతపండు పెట్టి తోమి బంగారంలా మెరిపించి ఉంచేది. రాత్రంతా రాగిలో నిలిస్తే నీళ్ళు మందవుతాయని తన తండ్రి చెప్పేవారు, ఆయన బతికినన్నాళ్ళూ పరగడుపున రాగిచెంబు నీళ్ళే తాగారు, ఎనభై మూడేళ్ళు బతికారు. చేపలూ అట్లాగే బతకాలని రెండు తులసి దళాలు కూడా వేసేది. తెల్లవారుజామున లేచి, మళ్ళీ చెంబుతో తోడి బకెట్లు నింపేది. నడుము పట్టేసేది. అయినా ఇష్టంగా చేసేది. నిన్న సాయంత్రం కూడా చేసింది. ఇవి ఈదుతున్న నీళ్ళు అవే.

కొళాయి ఒకటే. చేప ఒకటే, ఇదే తొట్టిలోది. మారింది పాత్ర. అక్కడ మట్టి, ఇక్కడ రాగి. కాదు కాదు, రాగి మంచిది, పెద్దలు పిచ్చివాళ్ళా? కానీ చింతపండు. చింతపండు పులుపు. పులుసు. పులిహోర పులుసు! నలభై అయిదేళ్ళ కిందటి పెరడు, బావి గిలక, పదహారేళ్ళ తను, కొత్త కోడలు, మొదటిసారి వంటింటి పెత్తనం చేతికి వచ్చిన సంబరంలో మర్నాటి విందుకని రాత్రే పులిహోర పులుసు కాచి, లోపలి కళాయి పోయిన రాగి గిన్నెలో వదిలేసి పడుకుంది. మర్నాడు విందు తిన్న పదకొండు మంది, చుట్టాలతో సహా, పెరటి గోడ వెంబడి వరసగా వంగి వాంతులు చేసుకున్నారు. తన అత్తగారు కల్యాణవల్లి, అందరికంటే ముందు కోలుకుని, ఆ గిన్నె ఎత్తి చూసింది. అంచు చుట్టూ పచ్చగా చిలుము. తనవైపు ఒక్కసారి చూసింది. అంతే, గిన్నె కొంగుచాటున పెట్టుకుని బావి దగ్గరికి పోయి బూడిదతో తోమేసి వచ్చి, పెద్ద గొంతుతో అందరికీ వినబడేలా, "ఆ పనసపండు తినొద్దంటే విన్నారా? పండు మీద పులిహోర తింటే కక్కుకోక ఏమైతాది?" అంది. చుట్టాలు పనసపండును తిట్టుకుంటూ పోయారు. రాత్రి తన పక్కకు వచ్చి చెవిలో, "కళాయి లేని గిన్నెలో పులుపు పెడితే లోహం కరిగి విషమైతాది, తెలిసిందా? సరే పడుకో," అంది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు బతికింది ఆవిడ. కోపంలో కానీ తగవులో కానీ ఒక్కనాడు ఆ గిన్నె మాట ఎత్తలేదు. పదకొండు మందిని పడగొట్టిన కోడల్ని దాచింది ఆవిడ. ఒక్క చేప చచ్చినందుకు తను, ఈ అమృతవల్లి, ఏమంది?

లేచింది. మోకాళ్ళు పట్టేసినా లేచి, పెరట్లోకి పరిగెత్తింది. గంగాళం అడుగున తెల్లవారుజామున తోడగా మిగిలిన జానెడు నీళ్ళు. అంచు దగ్గర నీటిగీత వెంబడి, సన్నగా, గోటితో గీసినట్టు, పచ్చటి చార. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఇత్తడి తాళంచెవిని నోట్లో పెట్టుకున్నట్టు ఉంది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా రుచి చూసిందా? పులుసు రుచి చూస్తుంది, చారు రుచి చూస్తుంది, చేపల నీళ్ళు ఎవరు రుచి చూస్తారు? "ఏంది మా, ఏమైంది?" అంటున్న చెంగమ్మకు జవాబివ్వకుండా తిరిగి హాల్లోకి వచ్చేసరికి, టోపీది గులకరాళ్ళకు డొక్కలు రాసుకుంటోంది, దురద పెట్టిన బర్రెగొడ్డు చెట్టుకు రాసుకున్నట్టు. నారింజది ఒకటి రెక్కలు ముడుచుకుని ఒక మూల నీళ్ళ పైకి మూతి పెట్టి గుటకలు వేస్తోంది. నల్లది మాత్రం ఇంకా కన్నార్పకుండా చూస్తోంది.

పదిన్నర. పదకొండు దాకా ఆగదిది. మంచినీళ్ళు, రాగి తగలని నీళ్ళు, నిన్న పట్టి ఉంచిన నీళ్ళు, ఇంట్లో ఎక్కడున్నాయి? వంటింటి మట్టికుండలో. తాగే నీళ్ళు. నిన్న మధ్యాహ్నం నింపిన కుండ. చేపలు పట్టే చిన్న వల ఎక్కడ పెట్టిందో ఆ పిల్ల, కనబడదు. జల్లెడ? గరిటె? మడి గరిటె చేపలకా? అనుకుంటూనే గరిటె తెచ్చింది, ముంచింది, టోపీది గరిటెను చూసి అంత నీరసంలోనూ ఇటు దూకి అటు దూకి తప్పించుకుంది. గరిటె అవతల పారేసింది. చీర చెంగు బిగించి, మోచేతి దాకా గాజులు పైకి తోసి, కళ్ళు మూసుకుని, చెయ్యి నీళ్ళలో పెట్టింది. అరవై ఒక్క ఏళ్ళలో ముట్టుకోని వస్తువు. మడి పోతుంది. పోతే నెత్తిన నాలుగు చెంబులు పోసుకుంటే తిరిగి వస్తుంది. చెయ్యి చుట్టూ చల్లగా, జారుడుగా, పట్టుచీర కుచ్చిళ్ళు వేళ్ళమధ్య నుంచి జారినట్టు ఏదో తగిలింది. భయం వేస్తుందనుకుంది, అసహ్యం వేస్తుందనుకుంది. చక్కిలిగింత పెట్టింది. "రా, రా నా తల్లీ, నేను నిన్నేం చేయనే, చేసినంతా చేసేసినా, ఇప్పుడు బాగు చేస్తాను రా," అంటూ రెండు చేతుల దోసిట్లో పట్టి, హాల్లో నుంచి వంటింటి దాకా నీళ్ళు కారుస్తూ, కందగడ్డ బుట్ట తన్నేసి పరిగెత్తి, కుండలోకి వదిలింది. ఒకటి. మళ్ళీ పరుగు. రెండు. నారింజవి రెండూ తేలిగ్గానే దొరికాయి. నల్లది మాత్రం తొట్టి చుట్టూ ఏడుసార్లు తిప్పి, చివరికి తనంతట తనే దోసిట్లోకి వచ్చి కూర్చుంది. తలుపు దగ్గర నిలబడిన చెంగమ్మ గిన్నె చేతిలో పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. వీధిలో ఎవరికైనా చెబితే ఆమె మాట ఎవరూ నమ్మరు.

కుండలో చీకటి. మూతి దగ్గర మొహం పెట్టి చూస్తే ముందు ఏమీ కనబడలేదు. తర్వాత ఎర్రటోపీ కనబడింది, పక్కకు ఒరిగి. అమృతవల్లి నేలమీదే చతికిలబడి కుండను రెండు చేతులతో పొదివి పట్టుకుని, పెరుమాళ్ళ నామాలు చదవాలనుకుంది గానీ నోటికి రాలేదు, కల్యాణవల్లి మొహమే కళ్ళముందు కదిలింది, గిన్నెను కొంగుచాటున పెట్టుకుని బావి వైపు నడుస్తున్న ఆవిడ వీపు. ఎంతసేపు కూర్చుందో. గడియారం హాల్లో ఉంది, గంటలు వినబడలేదు. మళ్ళీ వంగి చూసేసరికి టోపీ నిటారుగా ఉంది. రెక్కలు విప్పింది. మిగిలిన మూడూ దాని పక్కన, ఇరుగుపొరుగులా, ఇరుకులో సర్దుకుంటున్నాయి.

"అత్తా!" హాల్లో గొంతు. అరుపు. కుముదవల్లి వచ్చింది. ఖాళీ తొట్టి చూసింది. అమృతవల్లి తడిచీరతో వంటింటి గడపలోకి వచ్చేసరికి ఆ పిల్ల మొహంలో రక్తం లేదు, పుస్తకాలు చేతిలోంచి జారి పడిపోయాయి.

"ఉండాయి, నాలుగూ ఉండాయి, కుండలో ఉండాయి, ఏడవద్దు. ముందు నేను చెప్పేది విను. మధ్యలో మాట్లాడితే మళ్ళా నాకు చెప్పేదానికి ధైర్యం చాలదు." అమృతవల్లి గోడకు ఆనుకుంది. "రెండోసారి తెచ్చినవాటిని చంపింది నేను. చెంగమ్మ తీస్కపోయి బతికించింది పోను, ఏడింటినీ. నువ్వు పెట్టిన నీళ్ళను నేను రాగి గంగాళంలో పోస్తా ఉంటిని. నీకు తెలీకుండా. మంచిదని. నిన్న కూడా పోసినాను."

కుముదవల్లి ఒక అడుగు ముందుకు వేసింది. "గంగాళంలోనా... చింతపండుతో తోమినాకనా?"

"ప్రతి శుక్రవారం."

"మైలుతుత్తం," అంది కుముదవల్లి. పిల్లలకు పాఠం చెబుతున్నట్టు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. "మైలుతుత్తంలో ఉండేదీ రాగే అత్తా. పాచి చచ్చేదానికి నీళ్ళలో చల్లుతారు, రవ్వంత ఎక్కువైతే చేపలు తేలిపోతాయి. నేనే బోర్డు మీద రాసి చెప్తాను. మనకు మేలు చేసేంత కూడా వాటికి విషమే. శనివారం, ఆదివారం, సోమవారం... అయ్యో, ఎంత సరిగ్గా కుదిరింది! నాకెందుకు తోచలా?"

"నీకెట్ల తోస్తాది? దొంగతనం నాది కదా." అమృతవల్లి తడి చెంగు పిండుకుంది. "ఇంకొకటి. ఆ పొద్దు నేనొక మాట అంటిని. నీ చేతి గురించి."

కుముదవల్లి తల వంచుకుంది. కింద పడిన పుస్తకాలు తీయడానికి వంగింది, తీయలేదు.

"చేప గురించే అన్నా కుముదా. కానీ నీకు యాడ తగిలిందో అప్పుడే తెలిసింది నాకు. తెలిసి కూడా పన్నెండు దినాలు నోరు మూసుకుంటిని. అనింది ఒక తప్పు, మూసుకునింది ఇంకా పెద్ద తప్పు. మా అత్త కల్యాణవల్లమ్మ అయితే అట్ల చేసుండదు."

"చేప గురించేనా?" కుముదవల్లి అడిగింది. చాలా నెమ్మదిగా.

"చేప గురించే."

"పన్నెండు రోజులు నేను..." అని ఆపేసింది. కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏదో చెప్పబోయింది, అమృతవల్లి ఏదో వినబోయింది, అంతలో వంటింట్లో మట్టిమూత తీసిన చప్పుడయింది.

పెరటి దారిన వచ్చారాయన. పారాయణం తొందరగా ముగిసింది కాబోలు, ఎండలో నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎవర్నీ పిలవకుండా తిన్నగా కుండ దగ్గరికి పోయి లోటా ముంచారు. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకే గొంతుతో, "తాగొద్దు!" అని కేక వేసి, ఒకే గడపలో భుజాలు ఢీకొట్టుకుని లోపలికి పడ్డారు.

శఠగోపం లోటా పెదవుల దగ్గర పెట్టుకుని ఆగిపోయి ఉన్నారు. లోటాలో నుంచి నల్లచేప ఆయన్ని చూస్తోంది. ఆయన దాన్ని చూస్తున్నారు. ఇద్దరూ కన్నార్పడం లేదు.

"తళిగ ఆలస్యమైతాదంటే సరేనంటాను గానీ అమృతం," అన్నారాయన చివరికి, ఎంతో నిదానంగా, "దానికి బదులు నాకిది పెట్టాలనుకున్నావా?"

కుముదవల్లి ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. గోడకు ఆనుకుని, జారి నేలమీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వసాగింది. రెండేళ్ళుగా ఈ ఇంట్లో వినబడని నవ్వు అది, పళ్ళన్నీ కనబడే నవ్వు, కళ్ళలో నీళ్ళు కారే నవ్వు. అమృతవల్లి లోటా లాక్కుని చేపను కుండలో వదిలి మూత పెట్టింది, పెట్టి, తనూ కోడలి పక్కన నేలమీద కూలబడిపోయింది.

"నవ్వండి, నవ్వండి. నాకు దాహమో?" అన్నారాయన.

ఇంట్లో తాగడానికి ఇంకో చుక్క లేదు. కుముదవల్లి చెంబు తీసుకుని, కళ్ళు ఒత్తుకుంటూ, ఎదురింటి జ్ఞానాంబ దగ్గరికి బయలుదేరింది. వీధి దాటుతుంటే కూడా నవ్వుతూనే ఉంది. ఎదురింటి తలుపు తెరుచుకున్న చప్పుడు, ఏమైందే పిల్లా అన్న ప్రశ్న, ఆ తర్వాత గబగబా సాగిన మాటలు వంటింటి దాకా వినబడ్డాయి. మా అత్త, అంటోంది, గంగాళం, అంటోంది, దోసిట్లో పట్టుకోని, అంటోంది. సాయంత్రానికి వీధంతా పాకుతుంది ఈ కథ. పాకనీ. అమృతవల్లి కందగడ్డలు ఏరుకుంటూ చెవి అటే పెట్టింది. కాసేపటికి జ్ఞానాంబ కూడా నవ్వడం మొదలుపెట్టింది.